రొయ్యల చెరువులకు స్వయంచాలిత యంత్రములు: ఉపయోగములు, జాగ్రత్తలు

ఉప్పుటేరునకును వశిష్ఠ గోదావరికిని నడుమ, సముద్రతీరమున నున్న మొగల్తూరు ప్రాంతమునందు వరి, కొబ్బరి, సరుగుడు తోటలతోపాటు నేడు ఉప్పునీటి రొయ్యల సాగు ముఖ్యమైన జీవనాధారముగా నున్నది. 1990 దశకమున డెల్టా రైతులు టైగరు రొయ్యను పెంచిరి. 1994 తరువాత తెల్లమచ్చల వ్యాధి వ్యాపించి ఆ సాగును దెబ్బతీసెను. 2009లో కేంద్ర ప్రభుత్వము వనామీ రొయ్య పెంపకమునకు అనుమతి నిచ్చినది మొదలు చెరువుల స్వరూపమే మారిపోయినది. తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ అప్పుడు ఏర్పరచిన నిబంధనలలో చదరపు మీటరునకు 60 పిల్లలను గరిష్ఠ పరిమితిగా నిర్ణయించిరి. అనగా ఎకరమునకు రమారమి 2 లక్షల 40 వేల పిల్లలు.

ఇంత దట్టముగా పిల్లలను వేసినపుడు గాలి, సూర్యరశ్మి ఇచ్చెడి ప్రాణవాయువు చాలదు. ఏరేటర్లు తిరుగవలసినదే. ఏరేటర్లను నడుపుటకు కరెంటు, కరెంటు పోయినపుడు జనరేటరు, ఈ రెంటిని కనిపెట్టుటకు రాత్రియంతయు మెలకువగా నుండు కాపలాదారు కావలెను. ఇపుడు ఈ కాపలా పనిలో కొంత భాగమును చేసిపెట్టు యంత్రములు వచ్చినవి. నీటిలోని ప్రాణవాయువును కొలిచి ఏరేటర్లను తామే వేయునవి, ఆపునవి. వేళకు మేత చల్లునవి. ప్రమాదమున్నపుడు రైతు ఫోనుకు కబురు పంపునవి కలవు.

వీనిని కొనదలచిన రైతు అమ్మకందారును అడుగవలసిన ప్రశ్నలు అనేకములు. వానిలో ముఖ్యమైనది ఒక్కటే: ఈ యంత్రము చెడిపోయిన రాత్రి నా చెరువులో ఏమి జరుగును? దీనికి సరియైన సమాధానము దొరికిన తరువాతనే తక్కిన గుణములను విచారింపవలెను.

చెరువులో ప్రాణవాయువు పెరుగు, తరుగు

ఒక ఎకరము చెరువులో 4 అడుగుల లోతున సుమారు 49 లక్షల లీటర్ల నీరుండును. లీటరు నీటిలో 5 మిల్లీగ్రాముల ప్రాణవాయువున్నచో చెరువు మొత్తము మీద ఉన్న ప్రాణవాయువు 25 కిలోలకు మించదు. రెండు టన్నుల రొయ్యలు, నీటిలోని ఆకుపచ్చని సూక్ష్మజీవులు, అడుగున కుళ్ళుచున్న మేత, మల పదార్థము ఇవన్నియు రాత్రియంతయు ఈ కొద్దిపాటి నిలువ నుండియే వాడుకొనుచుండును.

పగటిపూట నీటిలోని సూక్ష్మమైన మొక్కలు ఎండలో ప్రాణవాయువును తయారుచేయును. అందుచే మధ్యాహ్నము 2 నుండి 4 గంటల వరకు అది ఎక్కువగా నుండును. సూర్యుడు అస్తమించినది మొదలు తయారీ నిలిచిపోవును, ఖర్చు మాత్రము ఆగదు. తెల్లవారుజామున అది అతి తక్కువ స్థాయికి దిగును. రైతులు డీ.ఓ. పడిపోయినదని చెప్పుట, రొయ్యలు తేలుట ఎక్కువగా ఆ వేళనే జరుగుటకు కారణమిదియే. మబ్బు పట్టిన రోజులలోను, నీటి రంగు ఒక్కసారిగా విరిగిన రోజులలోను ప్రమాదము ఎక్కువ.

వనామీ చెరువులో ప్రాణవాయువు లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గకుండ చూచుకొనవలెను. 5, అంతకు మించి యుండుట మేలు. 3కు దిగినచో రొయ్య మేత మానును, వ్యాధులను తట్టుకొను శక్తిని కోల్పోవును. అంతకన్న దిగినచో చావులు మొదలగును.

కంట్రోలరు అనగా నేమి?

పేరు కొత్తదైనను ఇందలి సూత్రము ఇస్త్రీపెట్టెలో నున్నదియే. వేడి చాలినంత కాగానే అది తనంతట తానే ఆగును, చల్లబడగానే మరల వెలుగును. చెరువు కంట్రోలరులో మూడు భాగములుండును. మొదటిది నీటిలో నుండి కొలత తీయు సెన్సారు. రెండవది ఆ కొలతను మనము పెట్టిన హద్దుతో పోల్చి నిర్ణయించు పెట్టె. మూడవది మోటారును వేయుటకు, ఆపుటకు వాడు రిలే, స్టార్టరు.

ఇట్టి పరికరములు రొయ్యల చెరువులకే పరిమితము కాదు. ఇండ్లలో అద్దాల తొట్లలో సముద్రపు నీరు నింపి పగడపు జీవులను పెంచువారు నీటి వేడిని, ఉదజని సూచికను, దీపములను, పంపులను ఇట్టి కంట్రోలర్లతోనే నడుపుచుందురు. ఆ తొట్లలో ఒక ప్రమాదము తరచుగా వినవచ్చును. నీటిని వేడిచేయు హీటరు రిలే లోపల అంటుకొని పోయి, ఆగవలసిన వేళ ఆగక, తొట్టిలోని జీవులు చనిపోవును. అందుచేత అనుభవజ్ఞులు కంట్రోలరుతోపాటు హీటరుకు ప్రత్యేకముగా మరియొక ఉష్ణ నియంత్రణను కూడ అమర్చుకొందురు. ఒక్క పరికరమును నమ్ముకొనరాదన్న ఈ పాఠము మన చెరువులకును వర్తించును. తేడా ఏమనగా, ఇంటి తొట్టిలో నీరు కొన్ని వందల లీటర్లు. మన చెరువులో లక్షల లీటర్ల నీరు, అప్పుతో పెట్టిన పెట్టుబడి కలవు.

సెన్సారు ఎంపిక, శుభ్రత

ప్రాణవాయువును కొలుచు సెన్సార్లు రెండు విధములు. పలుచని పొర, లోపల ద్రావకము గలవి మొదటి రకము. ఇవి చవుక, కాని ద్రావకమును, పొరను తరచుగా మార్చవలెను. కాంతి సాయముతో కొలుచునవి రెండవ రకము. వీని ధర ఎక్కువైనను చెరువులో ఎక్కువ కాలము నిలుకడగా పనిచేయును. వీని టోపీని కూడ తయారీదారు చెప్పిన గడువు తీరగానే మార్చవలెను.

ఏ రకమైనను చెరువు నీటిలో కొద్ది రోజులకే జిగురు, నాచు పట్టును. మురికి పట్టిన సెన్సారు చెప్పు అంకె చెరువుది కాదు, ఆ మురికిది. వారమునకు రెండు సార్లయినను మెత్తని గుడ్డతో తుడువవలెను. తుడుచుటకు ముందు ఒక అంకె, తుడిచిన తరువాత ఒక అంకె వ్రాసియుంచినచో ఎన్ని రోజులకొకసారి శుభ్రము చేయవలెనో మీ చెరువే తెలుపును.

సెన్సారు సరిగా పనిచేయుచున్నదో లేదో ఇట్లు పరీక్షింపవచ్చును. దానిని కడిగి, కొన చుట్టు తడిగుడ్డ వదులుగా కప్పి, నీడలో పది నిమిషములు ఉంచవలెను. అప్పుడది నూటికి నూరు పాళ్ళు చూపవలెను. అట్లు చూపనిచో తయారీదారు చెప్పిన విధమున సరిచేయవలెను.

తీరప్రాంత రైతులు మరువకూడని మరొక విషయమున్నది. ఉప్పునీటిలో మంచినీటిలో కంటె తక్కువ ప్రాణవాయువు కరగును. నీటి వేడి 30 డిగ్రీలున్నపుడు మంచినీరు లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాములను ఇముడ్చుకొనగా, వెయ్యికి 20 పాళ్ళు ఉప్పున్న నీరు 6.7 ప్రాంతమున మాత్రమే ఇముడ్చుకొనును. మీటరులో ఉప్పు శాతమును సున్నగా నుంచినచో అది అసలున్న దానికన్న ఎక్కువ చూపును. 5 అని చూపినపుడు నిజముగా నున్నది 4.5 మాత్రమే. వానలకు ఉప్పు తగ్గినపుడు, ఎండలకు పెరిగినపుడు ఈ అంకెను మార్చుచుండవలెను.

సెన్సారును ఏరేటరు విసరు నురుగులో పెట్టరాదు. అచ్చట నీరు ఎల్లప్పుడు బాగుగనే యుండును. రొయ్య అడుగున తిరుగు జీవి గనుక సెన్సారును ఏరేటర్లకు దూరముగా, అడుగుకు ఒక అడుగు ఎత్తున వ్రేలాడదీయవలెను. చెరువంతటికి ఒకే సెన్సారు ఉన్నపుడు వారమునకొకసారి చేతి మీటరుతో నాలుగు మూలలను చూచి సరిపోల్చుకొనవలెను.

ఏ అంకె వద్ద వేయవలెను, ఏ అంకె వద్ద ఆపవలెను?

వేయు అంకెకును ఆపు అంకెకును నడుమ కొంత ఎడముండవలెను. 5 వద్ద ఏరేటరు తిరుగుట మొదలై, 6 దాటిన తరువాత ఆగునట్లు పెట్టవచ్చును. రెండును ఒకే అంకె వద్ద పెట్టినచో మోటారు మాటిమాటికి మొదలై, ఆగి, వైండింగు కాలిపోవును. అన్ని మోటార్లు ఒక్కసారిగా మొదలు కాకుండ ఒక్కొక్కదానికి నడుమ 10, 15 సెకండ్లు విరామమీయవలెను. లేనిచో జనరేటరు మోయలేదు.

రాత్రి ఎట్లుండునో ముందుగా అంచనా కట్టు పద్ధతి ఒకటి కలదు. దీనికి చేతి మీటరున్న చాలును. రాత్రి 8 గంటలకు ఒకసారి, 10 గంటలకు మరొకసారి కొలువుడు. 8 గంటలకు 6.4, 10 గంటలకు 5.6 వచ్చినదనుకొందము. రెండు గంటలలో 0.8 తగ్గినది, అనగా గంటకు 0.4. ఉదయము 6 గంటల వరకు ఇంకను 8 గంటలున్నవి. ఇదే వేగమున తగ్గినచో మరి 3.2 పోయి, తెల్లవారుసరికి 2.4 మాత్రమే మిగులును. ఇట్టి లెక్క వచ్చిన రాత్రి కంట్రోలరు హెచ్చరించువరకు వేచియుండక, 10 గంటలకే ఉన్న ఏరేటర్లన్నిటిని వేయవలెను. మంచి కంట్రోలర్లు ఈ లెక్కను తామే కట్టి ముందుగా తెలుపగలవు.

ఏరేటర్లే చాలినన్ని లేనపుడు కంట్రోలరు ఏమియు చేయజాలదు. 400 నుండి 500 కిలోల రొయ్యకు ఒక హార్సుపవరు చొప్పున ఏరేటర్లుండవలెనను లెక్క వాడుకలో నున్నది. రెండు టన్నుల పంట ఆశించు చెరువుకు 4, 5 హార్సుపవరు కావలెను. ఇవి సమకూరని చోట ముందు ఏరేటర్లను కొని, తరువాతనే కంట్రోలరు మాట తలపెట్టవలెను.

కరెంటు పొదుపు విషయమున కూడ లెక్క చూచుకొనుట మంచిది. రెండు హార్సుపవరుల ఏరేటరు గంటకు సుమారు 1.5 యూనిట్లు వాడును. ఎండ బాగుగా నున్న పగటివేళ రెండు ఏరేటర్లను 6 గంటలు ఆపగలిగినచో రోజుకు 18 యూనిట్లు, నూరు రోజులకు 1800 యూనిట్లు మిగులును. కాని పగటిపూట కూడ అన్నిటిని ఆపరాదు. ఆపినచో పైనీరు, అడుగునీరు కలియక అడుగు చెడును.

మేత యంత్రములు

రొయ్యల సాగు ఖర్చులో సగమునకు పైగా మేతదే. టైమరుతో పనిచేయు మేత యంత్రము రోజుకు నాలుగైదు సార్లకు బదులు కొద్దికొద్దిగా అనేక సార్లు మేతను చల్లును. నీటిలో నాని కరిగిపోకముందే రొయ్య తినును గనుక వృథా తగ్గును.

మరొక రకము రొయ్య తినుచున్న చప్పుడును విని పనిచేయును. రొయ్య మేత గుళికను కొరుకునపుడు టిక్కుమను చిన్న శబ్దము వచ్చును. నీటిలో నుంచిన మైకు ఆ శబ్దమును పట్టుకొనును. తినునంతవరకు యంత్రము మేత వేయును, శబ్దము తగ్గగానే తగ్గించును. ఇట్టి విద్య విదేశములకే పరిమితమని తలపనక్కరలేదు. 2012లో విజయవాడలో ప్రారంభమైన ఏరువాక టెక్నాలజీస్ సంస్థ చెరువు నీటిని కొలుచు తేలుడు సెన్సార్లను, మేత యంత్రములను రూపొందించినది.

మేత యంత్రమును వాడు రైతు ఈ విషయములు గమనింపవలెను. మొదటి నెలలో పిల్లలు చెరువంతట చెదరియుండును; మేత కూడ పొడిగా నుండును. అప్పుడు చేతితో చల్లుటయే మేలు. వర్షాకాలమున తేమకు మేత ముద్దకట్టి గొట్టము మూసుకొనును. యంత్రము తిరుగుచున్నంత మాత్రమున మేత పడుచున్నదని తలపరాదు. ప్రాణవాయువు 4కు దిగినపుడు మేత దానంతటదే ఆగునట్లు రెండు యంత్రములను కలుపవలెను. రైతులు మోల్టింగు అని పిలుచు, రొయ్య పెంకు విడుచు దినములలో మేత తగ్గింపవలెను. చెక్ ట్రేలను చూచుట మాత్రము ఎన్నడును మానరాదు. ట్రేలో మిగిలిన మేత, రొయ్య ప్రేగు నిండుదనము, మలము రంగు ఇవి ఏ సెన్సారును చూడజాలదు.

అట్లే అమ్మోనియాను చెరువులో నిరంతరము నమ్మకముగా కొలుచుట కష్టము. పరీక్ష కిట్టుతో చూచుకొనుటయే సులభము. అమ్మోనియా విషము ఉదజని సూచికను బట్టి మారును. నీటి వేడి 30 డిగ్రీల ప్రాంతమున, సూచిక 8 ఉన్నపుడు మొత్తము అమ్మోనియాలో నూటికి సుమారు 7 పాళ్ళు విషరూపమున నుండగా, 9 ఉన్నపుడు 40 పాళ్ళకు పైగా ఉండును. కనుక ఉదజని సూచికను ఉదయము ఒకసారి, మధ్యాహ్నము ఒకసారి చూడవలెను.

యంత్రము చెడిన రాత్రి

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నర్సాపురము సమీపమున తీరము దాటినది. తుపాను రాత్రులందు కరెంటు ఎంతసేపు ఉండదో ఎవరును చెప్పజాలరు. ఫోను టవర్లు కూడ పనిచేయకపోవచ్చును. అనగా ఎక్కువ అవసరమైన రాత్రియే ఫోనుకు కబురు రాదు. కావున ఈ క్రింది ఏర్పాట్లు యంత్రముతోపాటే చేసికొనవలెను.

మొదటిది: కంట్రోలరు చచ్చిపోయినపుడు ఏరేటర్లు ఆగిపోవుట గాక, తిరుగుచునే యుండునట్లు వైరింగు చేయించవలెను. సెన్సారు తీగ తెగినను, అంకె ఒక గంటసేపు కదలక నిలిచిపోయినను అన్ని ఏరేటర్లు నడువవలెను. ఈ రెంటిని అమ్మకందారు మీ ఎదుట చేసి చూపవలెను. సెన్సారును ఊడదీసి, పెట్టె ఫ్యూజును తీసి చూడుడు.

రెండవది: రాత్రివేళ సగము ఏరేటర్లను కంట్రోలరుకు అప్పగింపక నేరుగా నడుపవలెను.

మూడవది: కరెంటు పోయినను, ఒక ఫేజు పోయినను మ్రోగు బ్యాటరీ సైరనును గట్టుమీద విడిగా పెట్టవలెను. ఇది కంట్రోలరుపై గాని, ఫోనుపై గాని ఆధారపడరాదు. ఒక ఫేజు పోయినపుడు మోటారు కాలకుండ ఆపు పరికరము ప్రతి స్టార్టరులోను ఉండవలెను.

నాలుగవది: జనరేటరును వారమునకొకసారి అన్ని ఏరేటర్ల బరువుతో నడిపి చూడవలెను. ఉత్తిగా నడిపిన పరీక్ష పరీక్ష కాదు.

ఐదవది: మోటారుకు కరెంటు వెళ్ళుచున్నదని పెట్టె చెప్పినను చక్రము తిరుగుచున్నదని అర్థము కాదు. ఇరుసు విరిగినచో మోటారు ఒంటరిగా తిరుగును. మోటారు లాగు ఆంపియర్లను చూపు కంట్రోలరైనచో ఈ తేడా తెలియును. లేనిచో లాంతరు పట్టుకొని గట్టుపై ఒకసారి తిరిగి చూచుటయే మార్గము.

మనుష్యుల ప్రాణరక్షణ

పంట పోయినచో మరల వేసికొనవచ్చును. చెరువులో దిగిన కూలివాని ప్రాణము పోయినచో తిరిగి రాదు. ఉప్పునీరు కరెంటును బాగుగా ప్రవహింపజేయును. ఏరేటరు తీగకు చిన్న పగులున్నను ప్రమాదమే. ప్రతి చెరువు లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల లీకేజికే కరెంటును తెంచు బ్రేకరును, మంచి ఎర్తును తప్పక పెట్టింపవలెను. కంట్రోలరు కొనుటకు డబ్బున్న రైతుకు ఈ బ్రేకరుకు డబ్బు లేదనుటకు వీలులేదు.

స్వయంచాలిత యంత్రములతో ఒక కొత్త ప్రమాదము కూడ వచ్చినది. ఏరేటరును బాగుచేయుటకు మనిషి నీటిలో నుండగా, కంట్రోలరు తనంతట తాను గాని, యజమాని ఎచటనో ఫోను నొక్కుట వలన గాని మోటారు తిరుగవచ్చును. అందుచే ప్రతి ఏరేటరుకు గట్టుపై విడి స్విచ్చుండవలెను. నీటిలో దిగువాడు దానిని తానే ఆపి, తాళము వేసి, తాళపుచెవిని తనవద్దనే ఉంచుకొనవలెను.

విషవాయువుల సంగతియు ఇట్టిదే. 2017 మార్చి 30న మొగల్తూరు మండలములోని ఒక రొయ్యల ప్రాసెసింగు కర్మాగారమున విషవాయువు సోకి ఐదుగురు కార్మికులు మరణించిరి. వ్యర్థజలము, కుళ్ళిన పదార్థము నిలువయున్న మూసిన తొట్లలో హైడ్రోజన్ సల్ఫైడు వంటి వాయువులు చేరును. కుళ్ళిన గ్రుడ్డు వాసన మొదట తెలిసినను, వాయువు ఎక్కువైనపుడు ముక్కు మొద్దుబారి వాసనయే తెలియకుండ పోవును. కనుక వాసన లేదని దిగరాదు. వాయువును కొలుచు పరికరముతో చూచి, గాలి ఆడించి, పైన మరొక మనిషిని, త్రాటిని ఉంచుకొనిన తరువాతనే దిగవలెను. లోపల ఒకడు పడిపోయినపుడు మరొకడు తొందరపడి దిగరాదు.

ఏది ముందు కొనవలెను?

డబ్బున్నంతలో ఈ వరుసను పాటించుట మేలు. ముందు లీకేజి బ్రేకర్లు, ఎర్తు, ఫేజు రక్షణ. తరువాత చాలినన్ని ఏరేటర్లు, వానిని మోయగల జనరేటరు. ఆ తరువాత నమ్మకమైన చేతి మీటరు, బ్యాటరీ సైరను. ఇవన్నియు సమకూరిన రైతు చెరువు సెన్సారును, కంట్రోలరును తలపెట్టవచ్చును. మేత యంత్రము చివరిది. ఒక చెరువులో ఒక పంట కాలము వాడి, ఖర్చును, ఫలితమును పుస్తకములో వ్రాసికొని, లాభము కనబడిన పిమ్మటనే తక్కిన చెరువులకు పెట్టవలెను. మరమ్మతు చేయువాడు భీమవరము, నర్సాపురము వంటి దగ్గరి ఊళ్ళలో నున్నాడా, విడిభాగములు ఎన్ని రోజులలో వచ్చునని కొనుటకు ముందే వ్రాతపూర్వకముగా తెలిసికొనవలెను. సందేహములున్నచో గ్రామములోని రైతు సేవా కేంద్రమునందుగాని, మత్స్యశాఖ అధికారుల వద్దగాని, ఉండిలోని మత్స్య పరిశోధనా స్థానమునందుగాని సలహా పొందవచ్చును.

జ్ఞాపకముంచుకొనవలసిన విషయములు

1. రాత్రి 8, 10 గంటల కొలతలతో తెల్లవారుజాము పరిస్థితిని ముందే లెక్కకట్టుడు.
2. సెన్సారును వారమునకు రెండు సార్లు తుడువుడు. ఉప్పు శాతమును సరిచేయుడు.
3. కంట్రోలరు చెడినపుడు ఏరేటర్లు నడుచునట్లు వైరింగు చేయించుడు.
4. సైరను, జనరేటరు కంట్రోలరుకు వేరుగా నుండవలెను.
5. 30 మిల్లీ ఆంపియర్ల బ్రేకరు లేని చెరువులో మనిషిని దింపకుడు.
6. చెక్ ట్రేను, నీటి రంగును రోజును కంటితో చూడుడు.

యంత్రము నిద్రపోదు, నిజమే. కాని అది తనకు చూపిన ఒక్క అంకెనే చూచును. నీటి రంగు మారుట, కొంగలు గట్టున వ్రాలుట, రొయ్యలు అంచులకు చేరుట ఇవి రైతుకు తెలిసిన గుర్తులు. ఆ గుర్తులతోపాటు యంత్రము చెప్పు అంకెను కూడ జతచేసికొనిన రైతునకు తెల్లవారుజాము భయము తగ్గును, కష్టించి పెంచిన పంట చేతికి వచ్చును.